మీకు తెలుసా? గోగు చెరువు నుంచి ఉద్దానం బోరు దాకా

గోగు కోతలయ్యాక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో మోపులు చెరువులో నానేస్తారు. కొద్దిరోజులకే నీళ్లు నల్లబడి కంపు కొడతాయి, చేపలు పైకి తేలతాయి. నిజానికి అందులో ఎవరూ విషం కలపలేదు. బెరడును కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నీటిలోని ఆక్సిజన్ అంతా వాడేసుకుంటాయి, చేపకు ఊపిరాడదు. ఆ తర్వాత ఆక్సిజన్ అక్కర్లేని జీవులు పనికి దిగుతాయి. కుళ్లిన గుడ్ల వాసన వాటి పుణ్యమే. మోపులు తీసేసి, కొత్త నీరు చేరితే చెరువు మళ్లీ తేరుకుంటుంది. కర్రతో సహా కాకుండా పచ్చి బెరడు ఒలిచి నానేస్తే నీళ్లూ, కంపూ రెండూ తగ్గుతాయి. ఒలిచే మనుషులో, యంత్రమో దొరకాలి మరి!

ఉప్పు సంగతి వేరు. దాన్ని ఏ సూక్ష్మజీవీ తినదు. పైడిభీమవరంలో ఉన్నటువంటి మందుల కంపెనీల వ్యర్థ జలాల్లో ఒక పెద్ద చిక్కు ఇదే. నీళ్లు కలిపి పలచన చేస్తే ఉప్పు శాతం తగ్గుతుంది గానీ గెడ్డలో కలిసే ఉప్పు తగ్గదు. నీటిని ఆవిరి చేసి, మిగిలిన ఉప్పును నేలలోకి ఊరకుండా భద్రంగా పూడ్చాలి. ప్రమాదకర వ్యర్థాల కోసం అలాంటి కేంద్రం పరవాడలో ఉంది.

మన దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల ఆరంభంలో విజయనగరం ప్రాంతంలోనే మొదలైంది. ఈ లోహం చాలా టక్కరిది. గాలి తగలని లోతుల్లో నీటిలో కరిగి, కంటికి కనబడదు. అలాంటి నీరు బోరులోంచి తేటగా వస్తుంది, నిలవ ఉంచితే అడుగున నల్లటి మడ్డి దిగుతుంది. గాలితో మాత్రమే అయితే ఆలస్యం. కాస్త పర్మాంగనేట్ కలిపితే త్వరగా మడ్డి కడుతుంది, ఇసుకలో వడకట్టేయవచ్చు. తమాషా ఏమిటంటే, పర్మాంగనేట్ కూడా మాంగనీసు సమ్మేళనమే!

నీటి సంగతి అలా ఉంటే, గాలిదీ ఒక తమాషా ఉంది. తీరంలో పగలు సముద్రం మీంచి ఊరి వైపు, రాత్రి ఊరి మీంచి సముద్రం వైపు గాలి వీస్తుంది. అందుకే రాత్రి సముద్రం మీదికి వెళ్లిపోయిన పొగ కొంత మర్నాడు తిరిగి రావచ్చు.

ఇక మళ్లీ నీటి దగ్గరికి, శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతానికి వద్దాం. కవిటి, కంచిలి, సోంపేట, పలాస మండలాల్లో ఏళ్ల తరబడి కిడ్నీలను తినేస్తున్న జబ్బుకు ఇదీ కారణమని ఇప్పటికీ తేలలేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, మండుటెండలో పని, నొప్పి మాత్రలు అన్నీ అనుమానితులే. దోషి దొరికేదాకా మంచినీళ్లు ఆపడం న్యాయం కాదు గనక, హిరమండలం నుంచి వంశధార నీటిని పైపుల్లో తెచ్చే 700 కోట్ల రూపాయల పథకం కట్టారు. 2023 డిసెంబరు 14న దాన్నీ, పలాసలోని 200 పడకల కిడ్నీ ఆసుపత్రినీ ప్రారంభించారు. ఆ ఊళ్ల వారికి ఒక్క మాట: తాగడానికీ వంటకీ ఆ కుళాయి నీళ్లే పట్టుకోండి, డాక్టరు చెప్పకుండా నొప్పి మాత్రలు మింగకండి.