యంత్రం మారితే అక్షరం మారునా?

“కొత్త ఒక వింత, పాత ఒక రోత” అన్న సామెత మనుషులకే కాదు, పనిముట్లకు కూడా వర్తిస్తుంది. “ఆడలేక మద్దెల ఓడు” అన్న మరొక సామెత దానికి సమాధానం చెబుతుంది. ఈ రెండు సామెతల నడుమ నిలిచి ఆలోచించదగిన ప్రశ్న ఒకటి నేడు తెలుగు పుస్తకాలకు, పత్రికలకు, గోడపత్రాలకు రూపకల్పన చేసేవారి ముందు ఉన్నది. ఏండ్ల తరబడి విండోస్ కంప్యూటరు మీద పనిచేసినవారు మ్యాక్‌కు మారదలచినప్పుడు నిజంగా మారేది ఏమిటి? మారకుండా నిలుపుకోవలసినది ఏమిటి?

ఇది వృత్తి నిపుణుల గొడవ, మనకెందుకని ఉపాధ్యాయులు, విద్యార్థులు పెడమొగం పెట్టనక్కరలేదు. పాఠశాల వార్షిక సంచిక, ప్రశ్నపత్రం, వీడ్కోలు సభ ఆహ్వానం, ఊరి గ్రంథాలయం ప్రచురించిన చిన్న కవితా సంపుటి—ఇవన్నీ ఆ యంత్రాల మీదనే రూపు దిద్దుకుంటున్నవి. ఆ యంత్రాలలో మన అక్షరాలు ఏ రీతిని నిలువ ఉన్నవో తెలుసుకోవడం మన భాష క్షేమం తెలుసుకోవడమే.

రూపకల్పన రంగంలో మ్యాక్‌కు గల ప్రతిష్ఠ ఊరక వచ్చినది కాదు. 1984 జనవరిలో ఆపిల్ సంస్థ మాకింటోష్ కంప్యూటరును లోకానికి చూపింది. దాని తెర చిన్నది. నలుపు తెలుపులు తప్ప మరొక రంగు ఎరుగనిది. అడ్డంగా 512, నిలువుగా 342 చుక్కలు మాత్రమే కలది. అయితే ఆ చుక్కలను అంగుళానికి 72 వంతున అమర్చారు. అచ్చుపనిలో అక్షర ప్రమాణాన్ని కొలిచే పాయింటు కూడా దాదాపు అంగుళంలో 72వ వంతే. అందువల్ల తెరమీద ఎంత కనబడుతుందో కాగితం మీద అంతే వస్తుంది. అప్పటివరకు సామాన్యుని కంప్యూటరులో అక్షరాలన్నీ ఒకే వెడల్పు గల గళ్ళలో, కవాతుకు నిలిచిన సిపాయిలవలె ఉండేవి. మాకింటోష్‌లో సన్ననిది సన్నగా, వెడల్పైనది వెడల్పుగా నిలిచి, అచ్చు పుస్తకంలోని పొందిక తెరమీద కనబడింది. రీడ్ కళాశాలలో చదువు మానిన పిమ్మట కూడా అక్కడే సుందరలేఖనం తరగతులకు హాజరైనానని, ఆ విద్యయే పదేండ్ల తరువాత మాకింటోష్‌లో ఫలించిందని స్టీవ్ జాబ్స్ 2005లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో చెప్పారు. చేతివ్రాత నేర్పే ఉపాధ్యాయునికి ఇంతకన్న సంతోషకరమైన వార్త ఏముంటుంది?

1985లో మూడు సాధనాలు ఒక్కచోట కలిశాయి. ఆపిల్ వారి లేజర్ ముద్రణయంత్రం, దానికి పుట వర్ణనను అందించే అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ భాష, ఆల్డస్ సంస్థ తెచ్చిన పేజ్‌మేకర్. కంపోజింగు గది, సీసపు అక్షరాల పెట్టెలు, గాలీలు, అన్నీ కలిసి ఒక మేజా మీదికి వచ్చాయి. డి.టి.పి. అని మనం పిలిచే విద్యకు అదే పుట్టుక. 1987లో ఇలస్ట్రేటర్, 1990లో ఫొటోషాప్ మొదట మ్యాక్ మీదనే వెలువడ్డాయి. చిత్రకారులు మ్యాక్‌ను తమ ఇంటి యంత్రంగా భావించడానికి ఇది కారణం.

మన తెలుగునాట కథ వేరొక దారిని నడిచింది. పేజ్‌మేకర్ 1987లోనే విండోస్‌కూ వచ్చింది. మరికొన్నేండ్లకు ఫొటోషాప్ కూడా వచ్చింది. మ్యాక్ ధర మనవారికి అందనిది. విండోస్ యంత్రమో, విడిభాగాలు తెచ్చి ఊళ్ళోనే కూర్చుకోదగినది. తెలుగు అక్షరాలను, వాటిని కొట్టే కీబోర్డు పద్ధతులను తయారుచేసిన మన సాంకేతికులు సహజంగానే నలుగురి వద్దా ఉన్న యంత్రానికే వాటిని అమర్చారు. అను, శ్రీలిపి వంటి పేర్లు తెలియని తెలుగు ముద్రాపకుడు ఉండడు. పట్టణ పట్టణాన వెలసిన డి.టి.పి. గదులలో పెండ్లి శుభలేఖ మొదలుకొని పరిశోధన గ్రంథం వరకు అచ్చుకు సిద్ధమయ్యాయి. ఆ గదులు తెలుగుకు చేసిన సేవ చిన్నది కాదు. డబ్బు లేని కవి తన పుస్తకాన్ని తానే వేసుకోగలిగింది వాటి వల్లనే.

అయితే ఆ సేవలో తెలియకుండానే ఒక ముడి పడింది. ఆ ముడి విప్పి చూడక యంత్రం మార్చేవారు చిక్కులో పడతారు.

ఆనాటి ఫాంటులో మొత్తం 256 స్థానాలే ఉండేవి. అవి కూడా రోమను లిపికోసం ఏర్పడినవి. మన హల్లులు, గుణింతాలు, వత్తులు, సంయుక్తాక్షరాలు ఆ ఇరుకు ఇంటిలో ఇముడుతాయా? కనుక అక్షరాన్ని ముక్కలు చేశారు. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, వత్తు మరొకచోట పెట్టి, వాటిని పక్కపక్కన అతికించి అక్షరంగా చూపించారు. ఏ ముక్కను ఏ స్థానంలో పెట్టాలో నిర్ణయించింది ఆయా తయారీదారులే. ఒకరి ఏర్పాటు మరొకరిది కాదు. కంటికి కనబడేది తెలుగు. కంప్యూటరు దాచుకున్నది మాత్రం అర్థంపర్థం లేని రోమను గుర్తుల వరుస. ఆ ఫాంటు ఉన్నంతసేపూ అది “అమ్మ”. ఫాంటు తీసివేస్తే ఏ భాషా కాని గీతల కుప్ప. నాటకంలో రాజు వేషం వంటిదే ఇది. కిరీటం తీయగానే రాజూ లేడు, రాజ్యమూ లేదు.

ఇప్పుడు మ్యాక్‌కు మారే దినం వచ్చిందనుకొందాము. ఆ 256 స్థానాలలో మొదటి సగం రెండు యంత్రాలకూ ఒకటే. రెండవ సగంలో మాత్రం విండోస్ ఏర్పాటు వేరు, పాత మ్యాక్ ఏర్పాటు వేరు. మన వత్తులు, కొమ్ములు చాలావరకు తలదాచుకున్నది ఆ రెండవ సగంలోనే. కనుక ఆనాడు ఒక యంత్రంలోని పాఠ్యం మరొకదానికి చేరేసరికి వత్తులు తారుమారయ్యేవి. నేటి యంత్రాలలో ఆ తేడా చాలావరకు సమసినా, విండోస్ కొరకు చేసిన తెలుగు కీబోర్డు సాఫ్ట్‌వేర్ మ్యాక్‌లో నడవదు. పేజ్‌మేకర్ సంగతి మరీ జాలిగొలిపేది. దాని చివరి రూపం 2001లో వచ్చిన 7వది. ఆపిల్ కొత్త తరం యంత్రాలలో అది నడవనే నడవదు. దాని వారసుడైన ఇన్‌డిజైన్ ఆ పాత దస్త్రాలను 2012 నాటి సి.ఎస్.6 వరకు తెరిచేది, తరువాతివి తెరవవు. ఇరవై ఏండ్ల పుస్తకాలను పేజ్‌మేకర్ దస్త్రాలుగా దాచుకున్న ముద్రాపకుడు ఇంటి తాళపుచెవి పోగొట్టుకున్నవానివలె నిలువవలసి వస్తుంది.

ఈ చిక్కుకు విరుగుడు యూనికోడ్. 1991లో వెలువడిన ఈ ఏర్పాటులో ప్రపంచ లిపులన్నిటికీ వేర్వేరు స్థానాలు ఉన్నవి. తెలుగుకు 128 స్థానాలు కేటాయించారు. ఇందులో అక్షరాన్ని ముక్కలుగా కాక, వర్ణాలుగా దాచుతారు. “స్త్రీ” అన్న మాటను తీసుకొనండి. స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం—ఇవి ఆరు సంకేతాలు. వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయుడు నల్లబల్లమీద ఎట్లా విడదీస్తాడో కంప్యూటరు కూడా ఇంచుమించు అట్లాగే దాచుకుంటుంది. ఆ ఆరింటినీ చేర్చి ఒక ముద్దయిన రూపంగా తెరమీద నిలిపే పని ఫాంటుది, యంత్రంలోని లేఖన వ్యవస్థది. ఫాంటు మారినా, యంత్రం మారినా, మాట మాటగానే ఉంటుంది. వెదికితే దొరుకుతుంది, అకారాది క్రమంలో పేర్చితే ఒదుగుతుంది.

పండితులకు ప్రియమైన అపురూప వర్ణాలు కూడా ఈ ఇంటికి ఒకటొకటిగా చేరుతున్నవి. దంత్య చ, జలైన ౘ, ౙలు 2008లో చేరాయి. పాత గ్రంథాలలో కనబడే నకారపు పొల్లు 2021లో స్థానం పొందింది.

విండోస్‌లో 2001 నాటి ఎక్స్.పి. తోనే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు వచ్చింది. మ్యాక్‌లో తెలుగు ఫాంట్లు కొంత ఆలస్యంగా, 2011లో వచ్చిన లయన్ కూర్పులో కనబడ్డాయి. తెలుగు ఎం.ఎన్., తెలుగు సంగం ఎం.ఎన్. అనే వాటి పేర్లలోని పొడి అక్షరాలు మలేషియాకు చెందిన తమిళుడు ముత్తు నెడుమారన్‌వి. మన లిపికి పొరుగు భాషవాడు రూపుదిద్దడం ముచ్చటైన సంగతి. తరువాత సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, గిడుగు, సురవరం, గురజాడ, పెద్దన వంటి ఫాంట్లు రెండు యంత్రాలలోనూ ఉచితంగా వాడుకోవచ్చును.

యూనికోడ్ వచ్చినంతనే కష్టాలన్నీ గట్టెక్కలేదు. 2018 ఫిబ్రవరిలో జరిగిన ఒక సంఘటన ప్రపంచమంతటా తెలుగు పేరును మారుమ్రోగించింది. “జ్ఞా” అనే అక్షరాన్ని, మధ్యలో కంటికి కనబడని ఒక విడదీత సంకేతంతో సహా, ఎవరైనా సందేశంగా పంపితే ఐఫోనులోని అనువర్తనాలు కుప్పకూలేవి. మ్యాక్‌లు కూడా ఆ దెబ్బ తిన్నాయి. ఫిబ్రవరి 19వ తేదీన ఆపిల్ సంస్థ సవరణ విడుదల చేసింది. జ్ఞానమన్న మాటలోని మొదటి అక్షరమే యంత్రజ్ఞానానికి పరీక్ష పెట్టడం విధి చమత్కారం అనాలి. అక్షరాల కూర్పులో మన లిపి ఎంత సూక్ష్మమైనదో, దానిని పట్టుకొనడం మహాసంస్థలకు కూడా ఎంత కష్టమో ఈ ఉదంతం తెలుపుతున్నది.

మరి మ్యాక్‌కు మారినవారికి కలిగే లాభం ఏమిటి? మొదట కన్ను గుర్తిస్తుంది. విండోస్ సాధారణంగా అక్షరాన్ని తెరలోని చుక్కల గళ్ళకు అనువుగా సర్ది పదును తెస్తుంది. మ్యాక్ అక్షరశిల్పి గీసిన ఒంపును గళ్ళకొరకు చెరపదు. గుండ్రనితనమే ప్రాణమైన తెలుగు లిపికి ఈ తేడా చిన్నది కాదు. 2012లో అంగుళానికి 220 చుక్కల తెరతో మ్యాక్‌బుక్ ప్రో వచ్చినప్పటినుండి చిన్న వత్తులు సైతం స్పష్టంగా కనబడుతున్నవి. నేడు విండోస్ యంత్రాలలోనూ అట్టి తెరలు ఉన్నవన్నది మరువరాదు. రంగుల విషయంలో ఒక పాత భేదం 2009లో తొలగింది. అంతకు ముందు మ్యాక్ తెర సహజంగా కొంత వెలుతురుగా ఉండేది. అక్కడ చక్కగా కనబడిన బొమ్మ విండోస్‌లో నల్లబడేది. ఇప్పుడు రెండింటి ప్రమాణమూ ఒకటే.

చేతికి అలవాటు మారవలసి ఉన్నది. కంట్రోల్ మీటతో చేసిన పనులు మ్యాక్‌లో కమాండ్ మీటతో చేయాలి. దానిమీద నాలుగు మూలలా ముడులు వేసినట్లున్న గుర్తును సూసన్ కేర్ అనే చిత్రకారిణి ఒక చిహ్నాల నిఘంటువునుండి ఎంపిక చేసినది. స్వీడన్‌లో అది చూడదగిన స్థలాన్ని సూచించే గుర్తు. కొన్ని వారాలలో వ్రేళ్ళు దారికి వస్తాయి. వ్రేళ్ళకన్న దస్త్రాలే మొండివి.

కాబట్టి క్రమం ముఖ్యం. యంత్రం కొనడానికి ముందే పాత పాఠ్యాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అందుకు తగిన మార్పిడి సాధనాలు ఉన్నవి. కాని వాటిని గుడ్డిగా నమ్మరాదు; వత్తులు, అరసున్నలు, అంకెలు తడబడే చోట్లు ఇవే. ప్రూఫులు దిద్దడం తెలిసిన మనిషి కన్ను ఒకసారి పడి తీరాలి. పాత పుటల రూపాన్ని పి.డి.ఎఫ్.గా దాచి, పాత యంత్రాన్ని కొంతకాలం ఉంచుకోవాలి. కొత్తయంత్రంలో ఇన్‌డిజైన్ వాడేవారు అన్ని భాషలకు పనికివచ్చే వరల్డ్‌రెడీ కంపోజరును ఎంచుకోవాలి. లేనియెడల వత్తులు విడిపోయి కనబడతాయి. విద్యార్థులు తొలినుండి ఇన్‌స్క్రిప్టు కీబోర్డును అభ్యసిస్తే మేలు. భారత ప్రభుత్వం ప్రమాణంగా స్వీకరించిన ఆ పద్ధతి రెండు యంత్రాలలోనూ ఉన్నది. నేర్చిన విద్య యంత్రంతోపాటు పారవేయనక్కరలేదు.

మంచి పనిముట్టు వల్ల పనివానికి ఉత్సాహం కలుగుతుంది, దానిని కాదనలేము. శక్తి గలవారు మ్యాక్ కొనవచ్చును. లేనివారు ఉన్న విండోస్‌లోనే ఉత్తమమైన పని చేయవచ్చును. ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్‌లు నేడు రెండింటిలోనూ ఉన్నవి. ఏ యంత్రమైనా అయిదారేండ్ల అతిథి. అక్షరం మాత్రం ఇంటి మనిషి. తాళపత్రంనుండి కాగితానికి, సీసపు అచ్చునుండి కాంతి తెరకు తరలివచ్చిన తెలుగు అక్షరం ఏ ఒక్క యంత్రానికో, ఏ ఒక్క ఫాంటుకో దాస్యం చేయరాదు. ఈ సంవత్సరం పాఠశాల సంచికకు వ్యాసాలు టైపు చేయించే ఉపాధ్యాయుడు “ఇది యూనికోడేనా?” అని ఒక్క మాట అడిగితే చాలు. ఇరవై ఏండ్ల తరువాత ఆ వ్యాసం వ్రాసిన బాలుడు పెద్దవాడై, తన చేతిలో ఏ యంత్రం ఉన్నా, తన మాటలను తాను చదువుకోగలుగుతాడు.