కట్టేసిన అప్పు తీరలేదంటున్నారా?

టైలరింగ్ షాపు పెట్టుకుందామని ఓ ఇల్లాలు లోను కోసం బ్యాంకుకి వెళ్ళిందనుకోండి. కంప్యూటర్‌లో చూసి మేనేజరు పెదవి విరిచాడు. "మీకు పాత బాకీ ఉన్నట్టుందమ్మా, క్రెడిట్ రిపోర్టులో కనిపిస్తోంది" అన్నాడు. "అదెప్పుడో పైసాతో సహా కట్టేశాను కదండీ!" అంది ఆవిడ. అయినా ఏం లాభం? లోను ఆగిపోయింది. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

లెక్క రాసేదెవరు?

సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హై మార్క్... మన అప్పుల చరిత్రను భద్రపరిచే సంస్థలు మన దేశంలో ఈ నాలుగే. బ్యాంకులు పంపిన వివరాలనే ఇవి రిపోర్టులో చూపిస్తాయి. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారినా, పాన్ నంబరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మరొకరి అప్పు మన ఖాతాలో పడొచ్చు. అప్పు తీరిన సంగతి బ్యాంకు తెలపకపోయినా చిక్కే. అన్నట్టు, మావారి లోనుకు హామీ సంతకం చేశారా? అది మీ రిపోర్టులోకి రావడం మాత్రం పొరపాటు కాదు సుమా!

విచారణ ఎలా?

ఫిర్యాదు అందగానే ఆ సంస్థ దాన్ని అప్పిచ్చిన బ్యాంకుకు పంపుతుంది. బ్యాంకు తన పుస్తకాలు చూసి ఔనంటేనే దిద్దుబాటు. సంస్థ తనంతట తాను మార్చదు. కాబట్టి ఇద్దరికీ రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. రసీదులు, బాకీ లేదని బ్యాంకు ఇచ్చిన పత్రం నకళ్ళు జతచేయండి. ఫిర్యాదు నంబరు, తేదీ రాసి పెట్టుకోండి.

ఆ తేదీ ఎందుకంటారా? బ్యాంకుకు 21 రోజులు, మొత్తమ్మీద 30 రోజులు గడువు. అది దాటితే ఆలస్యం చేసినవారే రోజుకు 100 రూపాయల చొప్పున మీకు పరిహారమివ్వాలి. రిజర్వ్ బ్యాంక్ పెట్టిన ఈ నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమల్లోకి వచ్చింది. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దానికి రుసుమేమీ లేదు.

ముందే చూసుకుంటే...

ఏడాదికోసారి ఒక్కో సంస్థ నుంచీ పూర్తి రిపోర్టు ఉచితంగా తీసుకోవచ్చు. అవసరం వచ్చినప్పుడు కంగారు పడేకన్నా ముందే చూసుకోవడం మేలు. అప్పు తీరిన రోజే బాకీ లేదన్న పత్రం అడిగి తీసుకోండి. బీరువాలో నగల పక్కనే దానికీ కాస్త చోటివ్వండి. రేపు మీ మాటకు సాక్ష్యం చెప్పేది ఆ కాగితమే!