విత్తన నిల్వ గదులలో ఇవాపరేటర్ కాయిల్ మరమ్మతు – విత్తన జీవశక్తి

ప్రజనక విత్తనం, మూల విత్తనం నిల్వ చేసే గదులలో ఏసీ చల్లదనం తగ్గినపుడు మెకానిక్‌ను పిలిచి గ్యాస్ నింపించడం పరిపాటి. కొద్ది నెలలకే సమస్య మళ్ళీ తలెత్తుతుంది. గ్యాస్ ఎందుకు తగ్గిందన్న ప్రశ్నకు సమాధానం దొరకనంత వరకు మరమ్మతు పూర్తికాలేదనే భావించాలి. ఈ లోపు నష్టపోయేది యంత్రం కాదు, విత్తనం.

కాయిల్‌కు, విత్తనానికి గల సంబంధం

ఇవాపరేటర్ కాయిల్ గాలిని చల్లబరచడంతో పాటు అందులోని తేమను నీటిగా మార్చి బయటకు పంపుతుంది. హారింగ్టన్ సూత్రం ప్రకారం విత్తనంలో తేమ 1 శాతం తగ్గినా, నిల్వ ఉష్ణోగ్రత 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా విత్తన ఆయుర్దాయం సుమారు రెట్టింపవుతుంది. దీనిని తిరగవేసి చూద్దాం. కాయిల్ పాడై గది ఉష్ణోగ్రత 15 నుండి 25 డిగ్రీలకు, విత్తన తేమ 8 నుండి 10 శాతానికి పెరిగి అలాగే కొనసాగితే ఆయుర్దాయం 16వ వంతుకు పడిపోతుంది. సోయాచిక్కుడు, వేరుశనగ వంటి త్వరగా మొలకశక్తి కోల్పోయే పంటలలో ఇది మరింత ప్రమాదకరం.

కాయిల్ ఎందుకు పాడవుతుంది?

మొదటి కారణం దుమ్ము. గోనె సంచుల పీచు, విత్తనశుద్ధి మందుల పొడి రేకుల మధ్య పేరుకొని గాలి ప్రసరణను అడ్డగిస్తాయి. అపుడు కాయిల్‌పై మంచు గడ్డకడుతుంది.

రెండవది ఫాస్ఫీన్. అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలతో ఊదరబెట్టినపుడు వెలువడే ఈ వాయువు తేమ సమక్షంలో రాగిని తినివేస్తుంది. రాగి గొట్టాలతో పాటు విద్యుత్ కాంటాక్టులు, కంట్రోల్ బోర్డులు కూడా నల్లబడి పాడవుతాయి.

మూడవది చీమల పుట్ట తరహా తుప్పు. ప్లైవుడ్, జిగురు, కొన్ని శుభ్రపరిచే ద్రావణాల నుండి వెలువడే ఫార్మిక్, ఎసిటిక్ ఆమ్లాల ఆవిరి, గాలిలోని తేమ కలిసి రాగి గొట్టం గోడలో కంటికి కనిపించని సన్నని సొరంగాలను ఏర్పరుస్తాయి.

మరమ్మతు క్రమం

ముందుగా యూనిట్‌ను ఆపి, మంచు కరిగిన తరువాత ఫిల్టరును, కాయిల్‌ను, నీటి పళ్ళెమును శుభ్రం చేయాలి. ఫ్యాన్ సరిగా తిరుగుతున్నా మంచు మళ్ళీ గడ్డకడితే లీకును అనుమానించాలి. వ్యవస్థలోని గ్యాస్‌ను సిలిండరులోకి సేకరించి, తయారీదారు సూచించిన పీడనానికి మించకుండా పొడి నత్రజనిని నింపి, సబ్బు నురుగుతో లీకును గుర్తించాలి. ఈ పరీక్షకు ఆక్సిజన్ వాడితే పేలుడు జరుగుతుంది.

అతుకు వద్ద ఒకే రంధ్రం ఉంటే, గొట్టంలో నత్రజనిని స్వల్పంగా ప్రవహింపజేస్తూ బ్రేజింగ్ చేయవచ్చు. లేనిచో లోపల పొలుసులు ఏర్పడతాయి. ఆర్-32 మండే స్వభావం గలది గనుక గ్యాస్ పూర్తిగా తీయనిదే మంట వెలిగించరాదు. చీమల పుట్ట తరహా తుప్పు ఉన్నచో ఒక రంధ్రం పూడ్చినా మరొకటి తెరుచుకుంటుంది. కాయిల్‌ను మార్చడమే మార్గం. అనంతరం ఫిల్టర్ డ్రయర్‌ను మార్చి, వాక్యూమ్ పంపుతో సుమారు 500 మైక్రాన్ల వరకు శూన్యత కల్పించి, గ్యాస్‌ను తూకం ప్రకారమే నింపాలి.

నివారణ

విత్తనాన్ని శీతల గదిలో కాకుండా వేరొక చోట, గాలి చొరబడని పట్టాల కింద ఊదరబెట్టి, వాయువు పూర్తిగా తొలగిన తరువాతనే లోపలికి చేర్చాలి. 15 డిగ్రీల వద్ద నిల్వ పురుగులలో అధిక భాగం వృద్ధి చెందలేవు గనుక, గదిలో ఊదరబెట్టవలసిన అవసరం అరుదు. గదిలో థర్మామీటరుతో పాటు ఆర్ద్రతామాపకం ఉంచి రెండు రీడింగులను ప్రతిదినం నమోదు చేయాలి.

యంత్రం బాగుపడినంత మాత్రాన విత్తనం బాగుపడదు. గది చెడిన కాలంలో నిల్వ ఉన్న ప్రతి లాటుకు తేమ, మొలక పరీక్షలు జరిపి, తేమ పెరిగిన వాటిని ఆరబెట్టిన పిమ్మటే తిరిగి నిల్వ చేయాలి. ప్రజనక విత్తనం ఒక్క లాటు చెడినా మూల విత్తనం, ధ్రువీకరణ విత్తనం గొలుసు ఒక పంటకాలం వెనుకబడుతుంది. కనుక మరమ్మతు రసీదుతో పాటు మొలక పరీక్ష ఫలితాన్ని కూడా గిడ్డంగి రిజిస్టరులో భద్రపరచాలి.