కంప్యూటరు వేడెక్కిన యెడల

పిల్లల చదువునకై కొన్న కంప్యూటరు అర్ధగంటకే మందగించి ఆగిపోవుచున్నదని మన నాగావ్ తలిదండ్రులు కొందరు మాతో చెప్పుచున్నారు. క్రొత్తది కొనుటకు ముందు ఒక్కమాట ఆలకింప కోరుచున్నాము.

యంత్రమునకు మెదడు వంటిదైన ప్రాసెసరు సుమారు 95 నుండి 100 డిగ్రీల వేడికి చేరినచో, తన్ను తాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. ఇంకను మించినచో ఆగిపోవును. దానిపై నుండు లోహపు రెక్కలు ఆ వేడిని గ్రహించి పంకా గాలికి విడుచును. భివండి సాంచాల నుండి లేచు దూదినూగు రెక్కల సందులలో అట్టకట్టినచో గాలి ఆడదు.

కావున మొదట విద్యుత్తు తీసివేసి, పంకాను వ్రేలితో నిలిపి, మెత్తని కుంచెతో నూగు తీయవలెను. ప్రాసెసరునకును లోహమునకును నడుమ ఎండిన లేపనమును తెలిసినవారిచే తుడిపించి, క్రొత్తది బియ్యపుగింజంత పెట్టించవలెను. అప్పటికిని వేడి తగ్గనిచో రాగిగొట్టములును, 120 మిల్లీమీటర్ల పంకాయును గల చలువసాధనము కొనవచ్చును. అల్యూమినియముకంటె రాగి వేడిని త్వరగా కొనిపోవును. ప్రాసెసరు రకమును, పెట్టె లోపలి వెడల్పును చెప్పి అడుగవలెను. నీటితో చల్లార్చు సాధనము ఇంటి చదువునకు అనవసరము; దాని రెక్కలును నూగుతో పూడిపోవును.

సాంచాలపై రేయింబవళ్లు నిలిచి సంపాదించిన ధనమిది. కుంచె చేయగల పనికి వేలు వెచ్చింపవలదని మా మనవి.