పెన్‌డ్రైవ్ మధ్యలో పీకేస్తే డ్రైవర్‌కి ఎలా తెలుస్తుంది?

ఫోన్ రివ్యూల్లో ఓటీజీ గురించి ఒక్క లైన్ రాసి వదిలేస్తుంటారు: "పెన్‌డ్రైవ్ పెట్టగానే గుర్తించింది". పెట్టినప్పుడు సరే, మధ్యలో పీకేస్తే ఏమవుతుందో ఎవరూ చూడరు. డివైస్ డ్రైవర్లు రాసేవాళ్లకి అసలు తలనొప్పి అక్కడే. నేనైతే ఏ యూఎస్‌బీ డ్రైవర్ కోడ్ తెరిచినా ముందు డిస్‌కనెక్ట్ ఫంక్షన్ ఎలా రాశారో చూస్తాను. ఆ కాస్త కోడ్ చాలు, రాసినవాళ్ల పనితనం తెలిసిపోతుంది.

ముందు పెట్టడం సంగతి త్వరగా చెప్పేస్తా. యూఎస్‌బీ 2.0 డివైస్ ప్లగ్ చేయగానే అందులోని 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక డేటా లైన్ వోల్టేజ్‌ని పైకి లాగుతుంది. దాంతో పోర్ట్‌లోకి ఏదో వచ్చిందని హబ్‌కి తెలుస్తుంది. ప్లగ్ లోపలికి వెళ్లేటప్పుడు కాంటాక్ట్ అంటుకుంటూ విడిపోతూ ఉంటుంది కదా, అందుకే లినక్స్ కెర్నల్ కనెక్షన్ 100 మిల్లీసెకన్ల పాటు నిలకడగా ఉండేదాకా ఆగుతుంది. తర్వాత రీసెట్ చేసి, అడ్రస్ ఇచ్చి, "నువ్వెవరు?" అని అడుగుతుంది. డివైస్ చెప్పిన ఐడీ ఏ డ్రైవర్ లిస్ట్‌తో సరిపోతే ఆ డ్రైవర్‌లోని ప్రోబ్ ఫంక్షన్‌ని పిలుస్తుంది.

ఇది డ్రైవర్‌కి అందే కబురు. ఇంకో కబురు యూఈవెంట్ పేరుతో నెట్‌లింక్ సాకెట్ ద్వారా కెర్నల్ బయటికి వెళ్తుంది. లినక్స్ లాప్‌టాప్‌లో దాన్ని యూడెవ్ అందుకుంటుంది, అవసరమైతే డ్రైవర్ మాడ్యూల్‌ని లోడ్ చేయిస్తుంది. ఆండ్రాయిడ్‌లో అయితే స్టోరేజ్ వ్యవహారం వోల్డ్ అనే సర్వీస్ చూసుకుంటుంది. నోటిఫికేషన్ బార్‌లో మీకు కనిపించే యూఎస్‌బీ డ్రైవ్ మెసేజ్ వెనక ఉన్నది ఇదే.

ఇక పీకేయడం. ఇక్కడ మెలిక ఏంటంటే, కబురు వచ్చేసరికి డివైస్ ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. మీరు లాగిన క్షణంలో ముందుగా నడుస్తున్న డేటా ట్రాన్స్‌ఫర్లు ఎర్రర్‌తో తిరిగొస్తాయి. హబ్ మార్పు గమనించి, కెర్నల్ థ్రెడ్ నిద్రలేచి, డిస్‌కనెక్ట్‌ని పిలవడం ఆ తర్వాతి మాట. ఈ గ్యాప్‌లో వచ్చిన ఎర్రర్ కేబుల్ లూజ్ వల్లో, డివైస్ పోవడం వల్లో డ్రైవర్‌కి తెలియదు. గుడ్డిగా మళ్లీ మళ్లీ ట్రై చేసే డ్రైవర్ అయితే ఎర్రర్లతో లాగ్ నింపేస్తుంది. థండర్‌బోల్ట్‌తో తగిలించే పీసీఐ ఎక్స్‌ప్రెస్ డివైస్‌ల కథ ఇంకా విచిత్రం. లేని డివైస్ రిజిస్టర్ చదివితే సాధారణంగా ఎర్రర్ రాదు, అన్ని బిట్లూ 1గా వస్తాయి! "బిజీ బిట్ 0 అయ్యేదాకా ఆగు" అని టైమవుట్ లేకుండా లూప్ రాస్తే అది ఎప్పటికీ 0 అవ్వదు, ఆ థ్రెడ్ అక్కడే ఇరుక్కుపోతుంది.

అంతకన్నా ప్రమాదం మెమరీతో. ఒక యాప్ వెబ్‌క్యామ్‌ని ఓపెన్ చేసి పెట్టుకుందనుకోండి. మీరు కేబుల్ లాగారు, డిస్‌కనెక్ట్ వచ్చింది, డ్రైవర్ తన డేటా మొత్తం ఫ్రీ చేసేసింది. రెండు సెకన్ల తర్వాత యాప్ క్లోజ్ అంటుంది. అప్పుడు డ్రైవర్ ముట్టుకునేది తనది కాని మెమరీని. దీన్నే యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. అందుకే రిఫరెన్స్ కౌంట్ పెడతారు. హాస్టల్ రూమ్‌లో చివరగా బయటికొచ్చేవాడే తాళం వేసినట్టు, చివరి క్లోజ్ అయ్యాకే మెమరీ వదలాలి. డిస్‌కనెక్ట్ చేయాల్సింది "డివైస్ పోయింది" అని ఫ్లాగ్ పెట్టడం, పెండింగ్ రిక్వెస్ట్‌లు ఆపడం, తన వంతు కౌంట్ తగ్గించడం, అంతే. ఫ్లాగ్‌కి లాక్ కూడా ఉండాలి. ఎందుకంటే ఒక కోర్ మీద రైట్, ఇంకో కోర్ మీద డిస్‌కనెక్ట్ ఒకేసారి నడవొచ్చు. కెర్నల్ సోర్స్‌లో యూఎస్‌బీ స్కెలిటన్ అనే నమూనా డ్రైవర్ ఉంది, ఇవన్నీ అందులో చూడొచ్చు. నేర్చుకోవాలనుకునేవాళ్లు మొదట చదవాల్సింది అదే.

ఇదేదో పుస్తకాల్లో బగ్ అనుకోకండి. 2017లో ఆంద్రే కొనోవలోవ్ గూగుల్ వాళ్ల సిజ్‌కాలర్ టూల్‌తో లినక్స్ యూఎస్‌బీ డ్రైవర్లని పరీక్షించి బోలెడు లోపాలు బయటపెట్టాడు. ఆ ఏడాది నమోదైన సీవీఈ-2017-16525 అచ్చంగా ఈ రకమే: యూఎస్‌బీ సీరియల్ కన్సోల్ డిస్‌కనెక్ట్ ఫంక్షన్‌లో యూజ్ ఆఫ్టర్ ఫ్రీ. కెర్నల్ 4.13.8లో సరిచేశారు.

విండోస్‌లో రెండు దార్లున్నాయి. "సేఫ్లీ రిమూవ్" నొక్కితే సిస్టమ్ ముందు డ్రైవర్‌ని "తీసేయొచ్చా?" అని అడుగుతుంది. ఫైల్ ఏదైనా తెరిచి ఉంటే కుదరదని జవాబు రావొచ్చు. చెప్పకుండా పీకేస్తే అడిగేదేం లేదు, సర్‌ప్రైజ్ రిమూవల్ అనే కబురు వస్తుంది. పేరు బాగా పెట్టారు!

అయితే డ్రైవర్ ఎంత బాగా రాసినా, ర్యామ్‌లో ఆగిపోయిన మీ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించలేదు. లినక్స్ డీఫాల్ట్ సెట్టింగ్‌లో రాయాల్సిన డేటా సుమారు 30 సెకన్ల పాటు ర్యామ్‌లోనే ఉండొచ్చు, కాపీ అయిపోయిందని స్క్రీన్ మీద కనిపించినా సరే. విండోస్ 10 మాత్రం 1809 వెర్షన్ నుంచి బయటి డ్రైవ్‌లకి క్విక్ రిమూవల్‌ని డీఫాల్ట్ చేసింది, అంటే రైట్ క్యాష్ ఆపేస్తుంది. కాపీ నడుస్తుండగా లాగితే మాత్రం అది కూడా ఏం చేయలేదు.

ఫోన్‌ని కేబుల్‌తో పీసీకి పెట్టినప్పుడు ఇంత భయం లేదు. ఎంటీపీలో ఫైల్ సిస్టమ్ ఫోన్ చేతిలోనే ఉంటుంది, కేబుల్ ఊడితే ఆ ఒక్క కాపీ ఆగిపోతుంది. ఓటీజీలో సీన్ రివర్స్: పెన్‌డ్రైవ్ ఫైల్ సిస్టమ్‌ని నడిపేది ఫోనే. కాబట్టి అక్కడ నోటిఫికేషన్‌లో ఉండే ఎజెక్ట్ నొక్కాకే తీయండి.