నీళ్లు కాగేదానికి ఎంత కరెంటు?

చలికాలం తెల్లవారుజామున ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో చాలా ఇళ్లలో గీజరు వేస్తారు. నీళ్లు కాగుతాయి. స్విచ్చి ఆపడం మాత్రం మరిచిపోతారు.

గీజరు మీద 2000 వాట్లు అని ఉంటే, అది అరగంట కాగితే ఒక యూనిట్ ఖర్చు. రోజూ అరగంటయితే నెలకు 30 యూనిట్లు. గంటయితే 60. యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది.

ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ కేంద్రంలో 1994 నుంచి బొగ్గుతో నీళ్లు కాచి, ఆ ఆవిరితో కరెంటు తీస్తున్నారు. కరెంటుతో ఇంట్లో మళ్లీ నీళ్లే కాస్తారు!

చాలా గీజర్లకు ఎర్రలైటు ఉంటుంది. నీళ్లు కాగగానే అది ఆరిపోతుంది. స్విచ్చి ఆపకపోతే, నీళ్లు చల్లారాక మళ్లీ వెలుగుతుంది. ఎవరూ స్నానం చేయకపోయినా కరెంటు తాగుతుంది. లైటు వెలిగిన టైము, ఆరిన టైము నోటు పుస్తకంలో రాసుకోవాలి. 15 లీటర్ల గీజరుకు సుమారు 20 నిమిషాలు చాలు. గంటయినా లైటు ఆరకపోతే స్విచ్చి ఆపి మెకానిక్కుకు చూపించాలి.

మీటరులోనూ చూడొచ్చు. ఫ్యాన్లు, ఫ్రిజ్జు ఆపి యూనిట్ల అంకె రాసుకోవాలి. గీజరు వేసి, లైటు ఆరాక మళ్లీ చూడాలి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే లెక్క తేలుతుంది.

బకెట్లో పెట్టే మామూలు రాడ్డు తనంతట ఆగదు. దగ్గరే ఉండాలి. ప్లగ్గు పీకకుండా నీళ్లలో చెయ్యి పెడితే ప్రాణానికే ముప్పు.

ఎండాకాలం ఈ బాధే లేదు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు సాయంత్రానికి వాటంతటవే కాగి ఉంటాయి.