భోగి పిడకల దండ

ధనుర్మాసము ప్రవేశించగనే మన పల్లెలలో పిల్లలకు పని దొరకును. ఆవుపేడలో కొంచెము ఊక కలిపి, నిమ్మకాయంత ముద్దలను గోడకు అద్ది, పచ్చిగా నున్నప్పుడే నడుమ వ్రేలితో చిల్లి పెట్టవలెను. ఎండిన పిదప పొడిచినచో పిడక విరుగును. రెండు విరిగినచో పిల్లలే గ్రహింతురు. మంచు దినములు గనుక వారము ముందే మొదలిడుట మేలు. తడి పిడక పొగయే గాని మంట నీయదు. ఎండినవానిని పురికొసకు గ్రుచ్చిన దండ సిద్ధము.

ఇప్పుడు దండలు అంతర్జాలమున సైతము అమ్ముచున్నారు. కొన్నదానిని మేము తప్పుపట్టము, అదియు చక్కగనే మండును. కాని భోగినాడు తెల్లవారకమునుపే పిల్లవానిని లేపుట మన వంతగును. తాను చేసిన దండ యున్నచో వాడే మనలను లేపును. మంటలో వేయించునపుడు నూలుబట్టలు తొడిగి, గాలి మన వీపున తగులునట్లు నిలిచి, వాని చేయి విడువకుండవలెను.